మాస్టారి జవాబులు: మన ఇంటి కింది నేల

పిల్లలూ,

ఈ నెల మీ ఉత్తరాలు విప్పుతూ ఉంటే మూడు ఉత్తరాలు నాకు ఒకేచోట పెట్టాలనిపించింది. మూడూ మూడు ఊళ్ళ నుంచి వచ్చినవి. ముందు వాటిని మీరూ వినండి.

గుంటూరు దగ్గరి పల్లె నుంచి ఏడో తరగతి అమ్మాయి రాసింది: “మాస్టారూ, మా పడమటింటి గోడ ప్రతి ఎండాకాలమూ చీలుతుంది. వానలు పడేసరికి చీలిక సన్నబడిపోతుంది, కాని అప్పుడు తలుపు బిగుసుకుపోయి మూతపడదు. మా నాయనమ్మ ఇల్లు ఊపిరి పీలుస్తున్నదంటుంది. ఇళ్ళు ఊపిరి పీలుస్తాయా?”

బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఉండే అబ్బాయి ఉత్తరం ఇది: “మా ఇంట్లో మరుగుదొడ్డి కట్టిస్తున్నారు. పెరడు చిన్నది. గుంట మంచినీళ్ళ నూతికి 6 అడుగుల దూరంలో తవ్వుదామని మేస్త్రీ అంటున్నాడు. ఇసుకనేల గదా, నీళ్ళు ఇట్టే ఇంకిపోతాయి, భయం లేదంటాడు. మా అమ్మకు మాత్రం ఇష్టం లేదు. పది రోజుల్లో పని మొదలుపెడతారు. మీరేమంటారు?”

మూడోది మహబూబ్‌నగర్ నుంచి. “సార్, మా పెరట్లో పొద్దున నీళ్ళు పోస్తే సాయంత్రానికి మొక్కలు వాడిపోతాయి. ఆదిలాబాద్‌లో మా మేనమామ వాళ్ళు రోజూ నీళ్ళు పోస్తే వేళ్ళు కుళ్ళిపోయాయట. నీళ్ళు ఒకటే, మొక్కలు ఒకటే. మరి ఇట్లా ఎందుకయింది?”

గోడ, గుంట, పెరడు. చూడటానికి వేటికవే వేరు. కాని ముగ్గురూ తెలియకుండానే అడిగిన ప్రశ్న ఒక్కటే. మా కాళ్ళ కింది నేల నీళ్ళను ఏంచేస్తుంది? అది తెలిస్తే మూడింటికీ జవాబు దొరుకుతుంది.

నేలంటే రేణువుల కుప్ప. ఇసుక రేణువు కంటికి కనిపిస్తుంది, వేళ్ళకు గరుకుగా తగులుతుంది. ఒండ్రు రేణువు అంతకన్న సన్నం, పిండిలా ఉంటుంది. బంకమట్టి రేణువు మరీ చిన్నది. మీ స్కేలు మీద ఒక మిల్లీమీటరును 500 భాగాలు చేస్తే, అందులో ఒక భాగం కన్న కూడా చిన్నది! పెద్ద రేణువుల మధ్య సందులు పెద్దవి కాబట్టి ఇసుకలో నీళ్ళు గబగబా దిగిపోతాయి. బంకమట్టిలో సందులు లెక్కలేనన్ని ఉంటాయి గాని ప్రతి సందూ సూదిమొన దూరనంత ఇరుకు. లోపలికి వెళ్ళిన నీరు అక్కడే పట్టుబడిపోతుంది.

ఇంతటితో అయిపోతే బాగుండును. కాని బంకమట్టి అంతా ఒక జాతి కాదు. నల్లరేగడిలో ఎక్కువగా ఉండే బంకమట్టికి మాంట్‌మోరిల్లొనైట్ అని పేరు. ఫ్రాన్సు దేశంలో ఒక ఊరి పేరు మీద పెట్టారు. నోరు తిరగకపోతే ఫరవాలేదు, పరీక్షలో అడగను. దీని రేణువు పుస్తకంలాగా పలుచని రేకుల దొంతర. నీరు ఆ రేకుల మధ్యకు దూరి వాటిని ఎడంగా తోస్తుంది. వానలో తడిసిన పుస్తకం ఎట్లా ఉబ్బుతుందో చూశారు గదా! అట్లాగే నేల ఉబ్బుతుంది. ఎండకు నీరు పోగానే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండేది కెయొలినైట్, అంటే పింగాణీ పాత్రలు చేసే జాతి మట్టి. దాని రేకులు ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి, నీటిని మధ్యకు రానివ్వవు. అందుకే అది పెద్దగా ఉబ్బదు.

ఇంగ్లీషు భూగోళశాస్త్ర పుస్తకాల్లో నల్లనేలను ‘రీగర్’ అంటారు. అది మన ‘రేగడి’ మాటే. తెలుగు రైతు నోటి నుంచి దొరలు నేర్చుకొని పుస్తకాలకెక్కించారు.

ఇక గుంటూరు అమ్మాయి గోడ సంగతి చూద్దాం. అమ్మాయీ, మీ నాయనమ్మ మాట సగం నిజం. ఊపిరి పీల్చేది ఇల్లు కాదు, ఇంటి కింది నేల. అది వానకు పైకి లేస్తుంది, ఎండకు కిందికి దిగుతుంది. ఇల్లంతా ఒక్కసారే లేచి ఒక్కసారే దిగితే ఎవరికీ తెలిసేది కాదు. చిక్కెక్కడ వచ్చిందంటే, ఇంటి నడిమి భాగానికి కప్పూ గచ్చూ గొడుగులాగా ఉన్నాయి. అక్కడి మట్టి త్వరగా తడవదు, త్వరగా ఆరదు. అంచులకూ మూలలకూ ఆ రక్షణ లేదు. మూల దిగుతుంది, నడుమ నిలుస్తుంది. ఇటుక గోడ రబ్బరు కాదు గదా వంగటానికి! ఎక్కడ బలం తక్కువగా ఉంటే అక్కడ, సాధారణంగా కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లుమెట్లుగా చీలుతుంది.

నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న ఒక నల్లరేగడి ఊరి బడిలో ఇట్లాంటి చీలికే ఉండేది. ప్రతి మే నెలలోనూ మేస్త్రీ వచ్చి దాన్ని సిమెంటుతో పూడ్చిపోయేవాడు. ప్రతి వానాకాలమూ దాని పక్కనే కొత్తది వచ్చేది. ఎనిమిదో తరగతి పిల్లలు చీలికకు అటొక మేకు ఇటొక మేకు కొట్టి, నెలకొకసారి వాటి మధ్య దూరం కొలిచి, తేదీ వేసి గోడ మీదనే రాయసాగారు. ఏడాది తిరిగేసరికి గోడే ఒక నోటుపుస్తకమైంది. మే నెలలో దూరం ఎక్కువ, వానల చివర తక్కువ. అప్పుడు ఒక కుర్రవాడు లేచి, “చీలిక బాగా తెరుచుకొన్నప్పుడు పూడిస్తే, అది మూసుకోవాల్సి వచ్చినప్పుడు చోటెక్కడుంటుందండీ?” అన్నాడు. ఆ మాట ఇంజనీరు అనవలసింది! నేల తిరిగి లేచినప్పుడు ఆ సిమెంటు ముక్కే మేకులాగా అడ్డుపడి, గోడను మరోచోట చీలుస్తున్నది. ఇంకా వెదికితే డాబా మీది వాననీళ్ళ గొట్టం సరిగ్గా ఆ మూలనే పడుతున్నదని తేలింది. పిల్లలు కాలువ తీసి ఆ నీళ్ళను దూరంగా మళ్ళించారు. తరవాతి సంవత్సరం గోడ మీది అంకెల్లో తేడా బాగా తగ్గింది. చీలిక మాయమైపోయిందని చెప్పను. అట్లా కాలేదు.

కొత్తగా ఇల్లు కట్టుకొనేవారికి మంచి ఉపాయం ఉన్నది. ఎండావానా మారినా, పై నేల ఎంత చెలరేగినా, కొంత లోతున తడి పెద్దగా మారదు. మన దేశపు నల్లరేగడిలో ఆ లోతు సుమారు మూడున్నర మీటర్లు, అంటే పదకొండు, పన్నెండు అడుగులు. రూర్కీలో 1947లో ఏర్పడ్డ కేంద్ర భవన పరిశోధన సంస్థవారు దీనికి తగిన పునాదిని మన దేశంలో ప్రచారంలోకి తెచ్చారు. సన్నని నిలువు గుంట తీసి, ఆ స్థిరమైన లోతున దాన్ని ఉల్లిగడ్డలాగా వెడల్పు చేస్తారు. ఉబ్బిన భాగం అడ్డుకొలత పై కంబం అడ్డుకొలతకు రెండున్నర రెట్లు ఉంటుంది. ఇనుపకడ్డీలు దించి కాంక్రీటు పోస్తారు. పై నేల ఉబ్బి కంబాన్ని పైకి లాగబోతే అడుగున ఉన్న గడ్డ లంగరులాగా పట్టి ఉంచుతుంది. కంబాల మీద పరిచే దూలానికీ నేలకూ మధ్య కొద్దిగా ఖాళీ వదులుతారు. నేల లేచినా దూలాన్ని తాకకూడదు గదా!

కొందరు పునాది గోతిలో ఇసుక నింపితే చాలనుకొంటారు. చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక అంటే అది నీళ్ళ తొట్టి అయి కూర్చుంటుంది. వాననీరు అందులో చేరే దారి మూయకపోతే ఇసుక పోసిన లాభం దక్కదు. దానికన్న గట్టిగా దిమ్మిస చేసిన మొరం మేలు.

కట్టేసిన ఇంటికి చెయ్యగలిగినది ఒకటే. నేల తడి అన్నివైపులా సమంగా ఉండేటట్టు చూడటం. అమ్మాయీ, మీ పడమటింటి మూలకు వెళ్ళి చూడు. అక్కడ స్నానాల నీళ్ళు నిలుస్తున్నాయా? అరటిచెట్లు ఉన్నాయా? గోడను ఆనుకొని వేపచెట్టు గాని రావిచెట్టు గాని ఉన్నదా? పెద్దచెట్టు వేళ్ళు ఎండాకాలంలో గోడ కింది తడిని తాగేసి మూలను మరింత దించుతాయి. నీళ్ళను దూరం పంపించి, ఇంటి చుట్టూ బయటికి వాలుగా చప్టా వేయించమని మీ నాన్నగారితో చెప్పు. పెద్దచెట్టుంటే తొందరపడి కొట్టించవద్దు. తాగే చెట్టు పోతే ఆ తడి మళ్ళీ నేలలోనే చేరి ఉబ్బిస్తుంది. ఇంజనీరుకు చూపించాకనే ఏదైనా చెయ్యాలి.

ఇప్పుడు బాపట్ల అబ్బాయి గుంట. ఈ పత్రిక మీ చేతికి వచ్చేదాకా అది ఆగదు గనుక, ఉత్తరం అందిన రోజే అతనికి కార్డు రాసి పోస్టు చేశాను. అందులో రాసిందే ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఒక్క ఇంటి సంగతి కాదు.

చాలామంది పెద్దలు కూడా సెప్టిక్ ట్యాంకు మురికిని శుభ్రం చేస్తుందని అనుకొంటారు. అది చేసేది కొంతే. బరువైనది అడుగుకు దిగుతుంది, కొవ్వు పైకి తేలుతుంది, గాలి అక్కరలేని సూక్ష్మజీవులు అడుగు మడ్డిని కొంత కరిగిస్తాయి. బయటికి వచ్చే నీరు పైకి తేటగా కనిపించినా అందులో కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు ఉండవచ్చు. అసలు శుభ్రం చేసేది ఆ తరవాతి నేల. నీరు మట్టిలో మెల్లగా నడుస్తూ ఉంటే రేణువులు క్రిములను పట్టేస్తాయి, నేలలోని జీవులు వాటిని తినేస్తాయి. దీనికి కావలసింది దూరం, సమయం, కాస్త గాలి ఆడే పొడినేల.

మేస్త్రీ ఇసుకలో నీళ్ళు ఇట్టే ఇంకిపోతాయన్నాడు. నిజమే! ఆ ‘ఇట్టే’ అన్నదే ప్రమాదం. ముతక ఇసుకలో నీరు పరిగెత్తుతుంది, శుభ్రపడటానికి వ్యవధి ఉండదు. ఇంకి ఎక్కడికి పోతుంది? 6 అడుగుల దూరంలో ఉన్న నూతికి! పైగా ఆ తీరంలో మంచినీరు కొద్ది లోతునే ఉంటుంది. మీలో ఆ ప్రాంతం పిల్లలకు దొరువులు తెలుసు. ఇసుకలో కొద్ది అడుగులు గుంట తీస్తే తియ్యటి నీళ్ళు ఊరుతాయి. ఆ నీరు వాన ఇచ్చినది, కింది ఉప్పునీటి మీద పలుచని పొరలాగా తేలుతూ ఉంటుంది. ఆ పొర పాడైతే కిందికి తవ్వి లాభం లేదు, అక్కడున్నది ఉప్పే.

1854లో లండన్ నగరంలో బ్రాడ్ స్ట్రీటు అనే వీధిలో కలరా వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవాళ్ళ ఇళ్ళను పటం మీద గుర్తించి, వాళ్ళలో చాలామంది ఒకే పంపు నీళ్ళు తాగినవారని చూపించాడు. తరవాత తవ్వి చూస్తే ఆ పంపు బావికి సుమారు 3 అడుగుల దూరంలో ఒక ఇంటి మురికి గుంట ఉన్నది. దాని ఇటుకలు శిథిలమైపోయాయి. 

అబ్బాయీ, మీ అమ్మగారి భయం సరైనదే. రెండు గుంటల మరుగుదొడ్డికి మన దేశంలో ఉన్న నియమం ఇది. గుంట అడుగుకూ, వానాకాలంలో భూగర్భజలం లేచే మట్టానికీ మధ్య కనీసం 2 మీటర్లు పొడినేల ఉండాలి. అంత లేకపోతే నుయ్యి కనీసం 10 మీటర్లు, అంటే 33 అడుగులు ఎడంగా ఉండాలి. ఇసుక ముతకదైతే గుంట అడుగును నీరు దిగకుండా మూసేసి, చుట్టూ అర మీటరు మందాన సన్నని ఇసుక నింపాలి. ఆ సన్నని ఇసుకే జల్లెడ. నీరు మరీ పైకి వచ్చే చోట గుంటను నేలకు కొంత ఎత్తుగా కట్టి, చుట్టూ మట్టి ఎగదోస్తారు. సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకే గుంటకైతే ఇంకా దూరం కావాలి. 18 మీటర్లు, సుమారు 60 అడుగులు.

ఆ అబ్బాయి నుంచి జవాబు వచ్చింది. కొలిస్తే పెరట్లో ఎక్కడా 33 అడుగులు లేవట. వీధివైపు ఉన్నాయట. వీధి గుమ్మం పక్కన మరుగుదొడ్డి కట్టటానికి వాళ్ళ నాన్నగారు చుట్టాలేమనుకొంటారోనని రెండు రోజులు తటపటాయించి, చివరికి ఒప్పుకొన్నారట. ఆయనకు నా నమస్కారం. అట్లా ఒప్పుకోవటం చిన్న పని కాదు.

నల్లరేగడిలో చిక్కు దీనికి తలకిందులు. అక్కడ నీరు పరిగెత్తదు, అసలు కదలదు. వానాకాలంలో గుంట నిండి మురికి పైకి పొంగుతుంది. పొంగిన నీళ్ళు గోడ కిందికి చేరితే, ఇందాకటి చీలిక కథ మళ్ళీ మొదలవుతుంది. రాతినేల సంగతి ఇంకొకటి. పైన రెండడుగుల మొరం, కింద పగుళ్ళున్న నల్లరాయి ఉంటే, మురికి ఆ పగుళ్ళ దారిన ఎంతో దూరం పోయి బోరుబావిలో తేలవచ్చు.

పెద్దలు గుంట తవ్వించే ముందు నేలను ఒక ప్రశ్న అడగవచ్చు. అనుకొన్న చోట, అనుకొన్న లోతున చిన్న గొయ్యి తీసి, నీళ్ళు నింపి, రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు మళ్ళీ అరడుగు ఎత్తున నీళ్ళు పోసి, ఒక అంగుళం దిగటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారంతో చూడాలి. 30 నిమిషాల లోపయితే ఇంకుడు గుంట పనిచేస్తుంది. 30కీ 60కీ మధ్య అయితే గుంటకు బదులు పొడుగాటి కందకాలు కావాలి. గంట దాటిందా, ఆ నేల నీళ్ళు తీసుకోనని చెప్పేసినట్టే. వేరే ఏర్పాటు చూసుకోవాలి. కొద్ది నిమిషాల్లోనే మాయమైతే సంతోషించకండి, నుయ్యి ఎంత దూరమో కొలవండి.

ఇక్కడే ఒక మాట. రెండు గుంటల్లో ఒకటి నిండితే రెండోది వాడుతూ, మొదటిదాన్ని రెండేళ్ళు మూసి ఉంచితే అది వాసన లేని ఎరువవుతుంది. సెప్టిక్ ట్యాంకు అట్లా కాదు, దాన్ని యంత్రంతో తోడించాలి. అందులోని విషవాయువు మనిషిని క్షణాల్లో పడగొడుతుంది. 2013 నాటి చట్టం రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని అందులోకి దింపటం నేరమన్నది. అయినా మనుషులు చనిపోయిన వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాము. మీరెవరూ ఆ మూత దగ్గరికి పోకండి. మీ ఇంట్లో ఎవరైనా మనిషిని దింపబోతే అడ్డుపడండి. చిన్నవాళ్ళు పెద్దలకు ఎదురు చెప్పవచ్చునని నేను అనే చోట్లలో ఇది ఒకటి.

మహబూబ్‌నగర్ అబ్బాయీ, నీ జవాబు ఇప్పటికే నీకు తట్టి ఉంటుంది. మీది చల్కానేల, ఇసుక పాలు ఎక్కువ. పొద్దున పోసిన నీరు మధ్యాహ్నానికి వేళ్ళను దాటి దిగిపోతున్నది. ఒకేసారి కడివెడు పోయక, పొద్దునా సాయంత్రమూ చెంబెడు పోయి. మొదళ్ళలో ఎండుటాకులు కప్పు. పశువుల ఎరువు వెయ్యి. చెరువు ఎండినప్పుడు అడుగు ఒండ్రుమట్టి నాలుగు గంపలు తెచ్చి కలుపు. మన తాతలు బండ్లమీద తోలినదీ, 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలయ్యాక ట్రాక్టర్ల మీద పొలాలకు తోలినదీ ఆ మట్టే. ఇసుకనేలకు బంకమట్టి కలిపితే నీరు నిలిచే గుణం వస్తుంది. మీ మామయ్యగారిది నల్లరేగడి. అక్కడ మడిని చుట్టుపక్కల కన్న జానెడు ఎత్తు చెయ్యాలి. పై మట్టి ఆరిందాకా నీళ్ళు పోయకూడదు, తడినేలలో తొక్కకూడదు.

నేలకు తగ్గ మొక్కను ఎన్నుకోవటం అన్నిటికన్న తేలిక. వేరుశనగనే చూడండి. పువ్వు పైన పూస్తుంది, ఆ తరవాత ఊడ కిందికి వంగి నేలలోకి గుచ్చుకొని, అక్కడ కాయవుతుంది. గట్టి నల్లరేగడిలో ఆ ఊడ దిగటమే కష్టం. దిగి కాసినా, పీకేటప్పుడు మొక్క చేతికి వస్తుంది, కాయ నేలలో ఉండిపోతుంది. అనంతపురం ఎర్రనేలల్లోనూ తీరపు ఇసుకలోనూ అది హాయిగా కాస్తుంది. పత్తికి లోతైన వేరు ఉన్నది, రేగడి దాచుకొన్న తడిని వానలు పోయాక కూడా తాగగలదు. గోడను చీల్చే గుణమే పత్తికి అన్నం పెడుతున్నది, చూశారా! చవుడునేల ఉన్నవాళ్ళు మాత్రం దిగులుపడకండి. జిప్సం వేసి, మంచినీళ్ళతో కడిగి దాన్ని బాగుచేస్తారు. దాని సంగతి మరోసారి విడిగా చెబుతాను.

ఈ నెల మీరు చెయ్యవలసిన పని ఉన్నది. మీ పెరట్లో పై మట్టి తీసేసి, జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసుకోండి. రాళ్ళూ వేళ్ళూ ఏరేయండి. వెడల్పు మూతి గాజుసీసాలో మూడోవంతు వేసి, నిండా నీళ్ళు పోసి, మూతపెట్టి అయిదు నిమిషాలు బాగా కుదపండి. తరవాత దించి కదపకుండా ఉంచండి. ఒక నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక. రెండు గంటలు గడిచేసరికి దానిమీద పేరుకొన్నది ఒండ్రు. ఆ తరవాత ఒకటి రెండు రోజులపాటు మెల్లగా దిగేది బంకమట్టి. నీళ్ళు ఇంకా మసకగా ఉంటే తొందరపడి పారబోయకండి, అది దిగుతూనే ఉన్నది. మూడు పొరల మందమూ స్కేలుతో కొలిచి, మట్టి రంగు, ఊరి పేరు, నూతిలో నీళ్ళు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో రాసి నాకు పంపండి. సీసాను మాత్రం చెల్లెళ్ళకూ తమ్ముళ్ళకూ అందని గూట్లో పెట్టండి. రెండో రోజున ఎవరైనా కుదిపితే పని మొదటికి వస్తుంది.